గుర్రం మీ ఇంట్లో, షీల్డు మా ఇంట్లో

నరసన్నపేట,
14 నవంబరు 2016.

గౌరవనీయులైన భారతి గారికి,

ఎలీషా నమస్కరించి రాయునది.

నేనెవరో మీకు తెలుసు. మీకు తెలుసునని నాకూ తెలుసు. పోయిన ఏడాది నాన్న పోయినప్పుడు మీరు వచ్చి, చెప్పులు విడవకుండా మా గుమ్మం బయట పది నిమిషాలు నిలబడి వెళ్ళిపోయారు. మీకు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చింది నేనే. మీరు పుచ్చుకోలేదు.

ఇప్పుడు రాయడానికి కారణం, ఫిబ్రవరిలో కరకవలస పోలమ్మ తల్లి సంబరం. అక్కడ గుర్రాల ప్రదర్శనకు నాన్న ఏటా మన గుర్రాన్ని తీసుకెళ్ళేవారు. కమిటీ పుస్తకంలో ఓనరు పేరు మొదటి నుంచీ ‘నరసింగరావు కుమార్తె భారతి’ అనే ఉంది. గెలిచిన షీల్డులు పదకొండూ మీ ఇంట్లోనే ఉన్నాయని నాన్న చెప్పేవారు. ఇప్పుడున్న గుర్రం గౌరి పోయిన ఫిబ్రవరిలో ఆడపిల్లను ఈనింది. దాన్ని ఈసారి ఏడాది పిల్లల వరసలో నిలబెడదామనుకుంటున్నాను. నాన్న పోయాక మా ఇంటి నుంచి వెళ్ళే మొదటి గుర్రం ఇదే.

ఇన్నాళ్ళూ పుస్తకంలో నాన్న రాస్తే సరిపోయేది, ఇప్పుడు ఫారం మీద ఓనరు సంతకం కావాలి. ఫారం ఇందులో పెట్టాను. ఇంటూ గుర్తు పెట్టిన చోట సంతకం చేసి పంపగలరు.

ఫోను చేద్దామనే అనుకున్నాను. మీరు ఎత్తి ‘ఎవరు?’ అంటే ఏమని చెప్పాలో తోచలేదు. అందుకని ఉత్తరం. మీరు పోస్టుమాస్టరు గనక ఇది మీకు అందలేదని చెప్పడానికి వీలుండదు.

ఇట్లు,
ఎలీషా
(పెళ్ళిళ్ళకు, ఊరేగింపులకు గుర్రాలు ఇవ్వబడును)


నెల్లిమర్ల,
26 నవంబరు 2016.

ఎలీషాకు,

నీ ఉత్తరం అందింది. రద్దయిన నోట్లు పట్టుకుని ఊరంతా నా కిటికీ ముందు తోసుకుంటున్న రోజున అందింది. ఆ రోజు నన్ను తిట్టకుండా నా దగ్గరకు వచ్చిన కాగితం అదొక్కటే కావడం వల్ల చదివాను.

ముందు నీళ్ళ గ్లాసు సంగతి. నేను పుచ్చుకోకపోవడానికి కోపమనో, మీ చర్చి అనో, మీ అమ్మ అనో నువ్వు ఏడాదిగా అనుకుంటూ ఉండి ఉంటావు. గ్లాసులో చీమ ఉంది. చావు ఇంట్లో చీమ గురించి చెప్పడం బాగుండదని ఊరుకున్నాను.

ఇక గుర్రం సంగతి. మీ నాన్న చేసిన పంపకం ఎంత న్యాయంగా ఉందో నువ్వే చూడు. గుర్రం మీ ఇంట్లో, షీల్డు మా ఇంట్లో. మనిషి మీ ఇంట్లో, ఫొటో మా ఇంట్లో. ఏటా సంబరం అయిన వారానికి బస్సు దిగి, షీల్డు వచ్చి ఉంటే బల్ల మీద పెట్టి, టీ తాగి, ‘మళ్ళీ వస్తాను’ అని వెళ్ళేవాడు. మాట తప్పాడని అనను. మళ్ళీ సంబరానికి వచ్చేవాడు.

నాకు అర్థం కానిదొకటే. గుర్రం నీ షెడ్డులో ఉంది. దానికి ఉలవలు నానబెట్టేది నువ్వు. నీకు రెండు చేతులు, ఒక ఓటరు కార్డు ఉన్నాయి. ఫారం మీద నీ పేరే రాసుకుంటే కాదనేదెవరు? ముప్పై నాలుగేళ్ళు నేను ఉన్నానో లేనో పట్టనివాడివి ఇప్పుడు నా సంతకం కోసం అయిదు రూపాయల స్టాంపు దండగ చేశావంటే నాకు అనుమానంగా ఉంది. పోస్టాఫీసులో పాతికేళ్ళు పనిచేసినదాన్ని. కవరు పట్టుకుంటే లోపల ఏముందో కొంత తెలుస్తుంది.

ఫారంలో రంగు, గుర్తులు అన్న గడులు ఖాళీగా వదిలేశావు. నాకు ఆసక్తి ఉండి అడగడం లేదు, సగం నింపిన ఫారం నేను ముట్టుకోను. పిల్ల రంగేమిటి? కాళ్ళెలా ఉన్నాయి? కరుస్తుందా?

భారతి


నరసన్నపేట,
7 డిసెంబరు 2016.

భారతి గారికి,

చీమ సంగతి మా అమ్మకు చదివి వినిపించాను. “సీమ కాదురా, జీలకర్రది. దూరం నుంచి వొచ్చింది, కడుపులో ఏటీ లేదేమోనని ఏసేను” అంది. మీ కళ్ళద్దాలు మార్పించుకోవాలని నా మనవి.

పిల్ల ఎర్రటి ఎరుపు. వెనక కుడి కాలు మడమ దాకా తెలుపు. నుదుటి మీద చుక్క. మెడ పొడుగు, పొగరు ఇంకా పొడుగు. కరవదు గానీ జేబులు వెతుకుతుంది. మొన్న మా పాస్టరు గారు ప్రార్థన చేయడానికి వస్తే ఆయన లాల్చీ జేబులోంచి కళ్ళజోడు లాగేసింది. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నందువల్ల ఆమెన్ దాకా చూసుకోలేదు.

నడక మాత్రం రావడం లేదు. మూడు అడుగులు వేస్తుంది, ఆగుతుంది, తనిఖీకి వచ్చిన ఆఫీసరులా అటూ ఇటూ చూస్తుంది. లాగితే కూర్చుంటుంది. కూర్చునే గుర్రాన్ని నేను ఇప్పటిదాకా చూడలేదు. గౌరి అమ్మమ్మ చంద్రిని మీరే నడిపించారని, మీలాగా గుర్రాన్ని నడిపించేవాళ్ళు ఈ జిల్లాలో లేరని నాన్న చెప్పేవారు. నేను ఎంత బాగా నడిపించినా ‘భారతి అయితేనా’ అనేవారు. చిన్నప్పుడు మీరంటే నాకు ఎంత మంటగా ఉండేదో చెప్పలేను.

మీ పేరే ఎందుకంటే, ఆనవాయితీ. అంతకు మించి ఏమీ లేదు.

మా ఆవిడ షాలినికి నాలుగో నెల. ఇంతకు ముందు రెండుసార్లు నిలవలేదు. అందుకని ఈసారి ఎవరికీ చెప్పకూడదనుకున్నాం. మీకెందుకు రాశానో తెలియదు. గుర్రం గురించి రాస్తూ అలా రాసేశాను.

ఇట్లు,
ఎలీషా


నెల్లిమర్ల,
19 డిసెంబరు 2016.

ఎలీషాకు,

గుర్రం కూర్చుంటోందంటే తప్పు గుర్రానిది కాదు. నువ్వు ముందు నడిచి కళ్ళెం లాగుతున్నావు. పెళ్ళి ఊరేగింపులకు అలవాటుపడిన చెయ్యి నీది. దాని భుజం పక్కన నడవాలి. అది ఆగితే నువ్వూ ఆగు. దాని వంక చూడకు. దానికే సిగ్గేసి కదిలేదాకా ఆగు. నేను ఎక్కాలు చదివేదాన్ని. పదమూడో ఎక్కం దగ్గర నేను తడబడి ఆగిపోతే, చంద్రి విసుగెత్తి ముందుకు నడిచేది.

ఆ కథ మీ నాన్న నీకెలా చెప్పాడో తెలియదు. నేను చెబుతాను. చంద్రి పుట్టింది ఇక్కడే, జూట్ మిల్లు క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో. మీ నాన్న అప్పుడు స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. నాకు పన్నెండేళ్ళు. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి గోడకు తగిలించి గుర్రం దగ్గరకు పోయేదాన్ని. మిల్లు కూత కూసి షిఫ్టు వదిలినప్పుడు వందల మంది ఒక్కసారి రోడ్డు మీదికి వస్తారు. ఆ జనంలోంచి దాన్ని రోజూ నడిపించాను. మొదట్లో వణికేది. నెల తిరిగేసరికి మిల్లు వాళ్ళే పక్కకు జరిగి దారి ఇచ్చేవారు.

డెబ్భై తొమ్మిదిలో కరకవలసలో పరికిణీ కట్టుకుని నేనే దాన్ని బరిలో నడిపించాను. మైకులో ‘ఓనరు, నరసింగరావు కుమార్తె భారతి’ అన్నారు. నా పేరు మైకులో వినడం అదే మొదలు, అదే చివర. మరుసటి నెల, పెళ్ళి బేరాలు నరసన్నపేట వైపు ఎక్కువని చంద్రిని అక్కడికి తోలుకుపోయాడు. ముందు గుర్రం వెళ్ళింది. వెనకాల ఆయన వెళ్ళాడు. మా అమ్మ నారాయణమ్మకు మొగుడు పోయాడు, నాకు గుర్రం పోయింది. అమ్మ నాకన్నా తొందరగా తేరుకుంది.

కానీ పుస్తకంలో నా పేరు తీయించలేదు. అది నిజమే. ఆయన చేసిన పనులన్నిటిలో నేను లెక్కలోకి తీసుకున్నది ఆ ఒక్కటే. ఆ పేరు అక్కడ ఉందనే ఏటా టీ పెట్టి ఇచ్చాను. లేకపోతే గుమ్మంలోంచే పంపేసేదాన్ని. అందుకని నీ ఆనవాయితీ మాట నాకు కొంచెం నచ్చింది. కొంచెమే.

దీనితో ఒక పార్సెలు వస్తుంది. అందులో గవ్వల పట్టీ ఉంది. చంద్రి కోసం మీ నాన్న చేత్తో కుట్టాడు. కుడి కంటి కింద చెంప మీదికి వస్తుంది. ఎండకు దాని కన్ను నీరు కారుతుందని నీడ కోసం కుట్టానన్నాడు. ఒక పక్కే ఎందుకని అడిగితే, “అందంగా ఉంటాది, నీకు తెల్దు” అన్నాడు. చంద్రి చచ్చిపోయినప్పుడు తెచ్చి నాకిచ్చాడు. ఇన్నాళ్ళూ బీరువాలో పడి ఉంది. దాని మునిమనవరాలు కట్టుకుంటే బాగుంటుంది. షీల్డు వస్తే ఈసారి మీ ఇంట్లోనే ఉంచుకో, మా గోడ నిండిపోయింది.

పిల్ల ఆగకుండా నూరడుగులు నడిచిందని నువ్వు రాసిన రోజు సంతకం పెట్టి పంపుతాను. షాలినిని ఉలవల బస్తాల జోలికి పోనివ్వకు. నీళ్ళల్లో జీలకర్ర వేసుకోమను.

భారతి


నరసన్నపేట,
8 జనవరి 2017.

అక్కా,

ఇలా పిలవడానికి నాకు ఈ ఒక్క ఉత్తరమే ఉందేమోనని పిలుస్తున్నాను.

పిల్ల నడిచింది. మీరు చెప్పినట్టే పక్కన నడిచాను, ఎక్కాలు చదివాను. నాకు ఏడో ఎక్కం దగ్గరే తడబాటు వచ్చింది. నూరడుగులు కాదు, సంత దాకా వెళ్ళి వచ్చాం. ఆ రాత్రి మీకు రాద్దామని కూర్చుంటే పార్సెలు గుర్తొచ్చి విప్పాను.

మా అమ్మ ఆ పట్టీని తీసుకెళ్ళి పిల్ల చెంప మీద పెట్టింది. సరిగ్గా సరిపోయింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడిపోయింది. “ఆ పిల్లకి సెప్పీరా. ఇంకా ఎన్నాళ్ళు మోసం సేత్తాం” అంది.

మీరు రాసిన ఖాళీ గడుల్లో ఒకటి నేను కావాలనే వదిలాను. గుర్తుల గడి. ఈ పిల్లకు కుడి కంటి కింద సుడి ఉంది. దాన్ని కన్నీటి సుడి అంటారు. అక్కడ వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన గుర్రం ఎవరి పేరున ఉంటే వాళ్ళింట్లో ఏడాది తిరక్కుండా ఏడుపు వినబడుతుందని గుర్రాల వాళ్ళ నమ్మకం. అలాంటి గుర్రాన్ని ఎవరూ కొనరు, ఊరికే ఇచ్చినా కట్టేసుకోరు.

చంద్రికీ అదే చోట అదే సుడి ఉండేది. పట్టీ ఎండ కోసం కాదు.

నాకు పదేళ్ళప్పుడు నాన్న సుళ్ళన్నీ నేర్పుతూ ఒక మాట చెప్పారు. “దోసమున్న గుర్రాన్ని ఆడపిల్ల పేరున రాయించాల్రా. పెళ్ళయి ఎల్లిపోతాది. దోసం దానెనకే పోతాది.” చంద్రిని మీ పేరున ఎందుకు రాయించారో నాకు అప్పటి నుంచీ తెలుసు. పోయిన ఫిబ్రవరిలో ఈ పిల్ల పుట్టగానే సుడి చూశాను. సెప్టెంబరులో షాలిని నెల తప్పిందని తెలిసింది. నవంబరులో మీకు ఉత్తరం రాశాను. ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు చేతకాలేదు.

ఫారం చింపేయండి.

ఎలీషా

వదిన గారికి షాలిని నమస్కారాలు. పైన రాసిందంతా ఈయన నాకు ఈ రోజే చెప్పారు. మీరు సంతకం పెట్టవద్దు. నా బిడ్డ కోసం ఇంకొకరు ఏడవాల్సిన పని లేదు. ఈయన ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చుని సాక్ష్యం చెబుతారు, సోమవారం గుర్రం చెంప చూసి వణుకుతారు. దేవుడు ఎవరి మాట వినాలో తెలియక మధ్యలో ఆగిపోయి ఉంటాడు.


నెల్లిమర్ల,
27 జనవరి 2017.

నరసింగరావు కుమారుడు ఎలీషాకు,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. మూడుసార్లు జవాబు రాసి చింపాను. మొదటి దాన్లో ఉన్న మాటలు ప్రభుత్వ ఉద్యోగి రాయదగినవి కావు.

ఆదివారం స్టూలు వేసుకుని షీల్డులన్నీ దింపి తుడిచాను. పదకొండింటి మీదా నా పేరు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అది నా పేరనుకున్నాను. అది చిరునామా. మీ ఇంటికి రావలసిన ఏడుపును నెల్లిమర్లకు మళ్ళించడానికి రాసిన చిరునామా. పాతికేళ్ళు ఇతరుల ఉత్తరాలు మళ్ళించాను గానీ నా తలుపు దగ్గరకు ఏమి బట్వాడా అవుతోందో చూసుకోలేదు. మీ నాన్న పోస్టల్ డిపార్టుమెంటులో చేరి ఉంటే చాలా పైకి వచ్చేవాడు.

ఆ సుడి నేను చూశాను. చూడకుండా ఎలా ఉంటాను? రోజూ దాని మొహం తుడిచిందాన్ని. వేలు పెట్టి ఆ వెంట్రుకలను గుండ్రంగా తిప్పేదాన్ని. అలా తిప్పితే చంద్రి కళ్ళు మూసుకునేది. అది నాకు దాని ఒంట్లోకెల్లా ముద్దొచ్చే చోటు. ఒకరోజు మీ నాన్న చూసి చెయ్యి లాగేశాడు. మర్నాడు పట్టీ కుట్టాడు.

ఆడపిల్ల పెళ్ళయి వెళ్ళిపోతుందని లెక్క వేశాడు కదా. వెళ్ళలేదు. రెండు సంబంధాలు వచ్చాయి, తండ్రికి రెండో ఇల్లుందని తెలిసి పోయాయి. నేను పోలేదు గనక దోషమూ పోలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో, బట్వాడా కాని ఉత్తరాల్లాగా ఉండిపోయాం. మా అమ్మ నా పెళ్ళి కోసం మొక్కని దేవుడు లేడు. కారణం గుర్రం చెంప మీద వెంట్రుకలు అడ్డం తిరగడమని ఎవరైనా చెప్పి ఉంటే దువ్వెన పట్టుకుని నరసన్నపేట వచ్చేది.

నేను సుళ్ళను నమ్మను. అది ముందు రాసుకో. నన్ను బాధపెట్టింది సుడి కాదు. ఆయన నమ్మాడు. నమ్మి, నా పేరు రాశాడు. నువ్వూ నమ్మి, నా పేరే రాశావు. గుర్రాల పెంపకం ఒక్కటే కాదు, ఈ విద్య కూడా నీకు బాగా పట్టుబడింది.

ఇంత రాశాక కూడా ఫారం చింపలేదు. సంతకం పెట్టాను. దీనితో పాటు వస్తుంది. ఎందుకంటే షాలిని పెట్టొద్దని రాసింది. మీ ఇంట్లో ఒక మనిషైనా నా వైపు నుంచి ఆలోచించింది. ఆ పిల్ల భయపడుతూ నెలలు మోయడం నాకిష్టం లేదు. తనకు భయమని రాయలేదు గానీ, నీలాంటి మొగుడు పక్కనుంటే ఎవరికైనా అంటుకుంటుంది. అమ్మ పోయాక నా ఇంట్లో ఏడవడానికి నేను తప్ప ఎవరూ లేరు. నీ సుడి ఇక్కడిదాకా వస్తే, పగలంతా వేసి ఉన్న తాళం చూసి తిరిగిపోతుంది.

ఒక షరతు. పట్టీ కట్టవద్దు. దాని మొహం ఊరంతా చూడాలి. షీల్డు రాకపోతే పీడా పోయింది. పట్టీ నాకు తిరిగి పంపెయ్యి. కాల్చాలో ఉంచాలో నేను చూసుకుంటాను. నన్ను అక్కా అనకు. పోస్టుమాస్టరు గారూ అను.

భారతి


నరసన్నపేట,
22 ఫిబ్రవరి 2017.

పోస్టుమాస్టరు గారికి,

సంబరం అయింది. ఫలితం ముందే చెప్పేస్తాను. ఏడాది పిల్లల వరసలో అయిదు వచ్చాయి. మనది అయిదోది. పాల్గొన్నవాళ్ళందరికీ ఇచ్చే ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. అందులో ఇప్పుడు షాలిని కూర్చుని ఈ ఉత్తరం సరిగ్గా రాస్తున్నానా లేదా అని చూస్తోంది.

ఫారం తీసుకుని కమిటీ బల్ల దగ్గరకు వెళ్ళాను. సెక్రటరీ గంగులు గారు, నాన్న ఈడువారే, పిల్ల చెంప చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. ఫారం చూసి, “మళ్ళీ ఆ అమ్మి పేరేనా” అన్నారు. ఆయనకూ తెలుసన్నమాట. ఊళ్ళో మీకు తప్ప అందరికీ తెలుసు. నాకు తల ఎత్తాలనిపించలేదు. ఆ కాగితం మీద మీ సంతకం కింద నా సంతకం పెట్టాను.

“ఓనరు ఒక్కడే ఉండాల. ఇద్దరేటి?”

“దోసం సెరిసగం” అన్నాను.

ఆయన నా మొహం వంక, షాలిని కడుపు వంక చూశారు. షాలిని నా పక్కనే నిలబడి ఉంది. రావద్దంటే వినలేదు. “నీకు బయమెయ్యట్లేదా అమ్మా” అని అడిగారు. “ఏస్తంది. అయినా మా పేరు మేమే రాసుకుంటాం” అంది. అక్కా, నాకు భయం పోలేదు. సంతకం వంకర్లు పోయింది. అది చూసి నాది కాదేమోనని గంగులు గారు ఆధార్ కార్డు అడిగారు.

పట్టీ లేకుండా బరిలోకి దిగాం. జనం కొంతమంది వెనక్కి జరిగారు. మీ మిల్లు వాళ్ళలాగా దారి ఇచ్చారని పిల్ల అనుకుంది. మెడ ఎత్తి నడిచింది. నేను పక్కన నడుస్తూ ఏడో ఎక్కం చదివాను. మైకులో గంగులు గారు, “ఓనరు, నరసింగరావు పిల్లలు, భారతి, ఎలీషా” అన్నారు. నాన్నను ఎరిగినవాళ్ళు కొందరు నవ్వారు. రెండిళ్ళ పేర్లూ ఆయన బతికుండగా ఎవరూ ఒక్క గుక్కలో చదవలేదు. మా అమ్మ సంబరంలో అంతమంది మధ్యలో ఏడ్చింది. ఏడుపు వినబడటం అయిపోయింది గనక సుడి పని కూడా అయిపోయినట్టేనని షాలిని అంటోంది.

ఇంకొకటి. గంగులు గారిని పాత పుస్తకాలు చూపించమని అడిగాను. డెబ్భై తొమ్మిది నుంచీ చూశాను. చంద్రి తరవాత దాని కూతురు వచ్చింది, ఆ తరవాత గౌరి. ఆ రెండిటికీ ఏ దోషమూ లేదు. మాలీషు చేసినవాణ్ణి, ఒళ్ళంతా నాకు తెలుసు. రెండిటికీ లక్షణమైన సుళ్ళు. లక్షణమైన గుర్రాలను నా పేరునో, అమ్మ పేరునో, తన పేరునో రాయించుకోవచ్చు. అప్పటికి నేను పుట్టి, పెరిగి, గుర్రాలు నడిపిస్తున్నాను. అయినా ఏటా ‘నరసింగరావు కుమార్తె భారతి’ అనే ఉంది. నాన్న చేతిరాతే. పోయిన ఏడాది ముందటి సంబరం దాకా.

మొదటిసారి ఎందుకు రాశారో నాకు తెలుసు. ఆ తరవాత ముప్పై అయిదేళ్ళు ఎందుకు రాశారో తెలియదు. పుస్తకంలో కారణం రాసే గడి లేదు.

పట్టీ వేరే పార్సెలులో పంపాను. మీరు జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. పిల్లకు పేరు లేదేమని గంగులు గారు అడిగితే, చంద్రి అని చెప్పాను.

ఎలీషా


నరసన్నపేట,
16 మే 2017.

పోస్టుమాస్టరు గారికి,

మూడు నెలలుగా మీ నుంచి ఉత్తరం లేదు. మీరు రాయరని తెలిసీ పోస్టుమాన్ వచ్చే వేళకు గేటు దగ్గర ఉంటున్నాను. వచ్చినవాటిలో కరెంటు బిల్లులే ఎక్కువ.

నిన్న ఉదయం ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు. టెలిగ్రాములు ఎత్తేశారు గనక ఉత్తరం రాస్తున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరూ పోలేదు. మీరు కూడా బాగున్నారో లేదో ఒక్క ముక్క రాయండి. అది తెలిస్తేనే నా భయం పూర్తిగా పోతుంది.

మా అమ్మ పిల్ల నెత్తి నిమిరి చూసి, “ఒరే, రెండు సుడులున్నాయిరా. దీనికి రెండు పెళ్ళిళ్ళు అవుతాయి” అంది. గుర్రానికి సుడి, పిల్లకు సుళ్ళు. నేను సుళ్ళ నుంచి ఎటు పారిపోవాలో మీరే చెప్పాలి.

ఎలీషా


నెల్లిమర్ల,
22 మే 2017.

ఒరే ఎలీషా,

బాగానే ఉన్నాను. మోకాలి నొప్పి తప్ప నాకేమీ రాలేదు. అది సుడి వల్ల కాదు, స్టూలెక్కి షీల్డులు దింపినప్పుడు జారిపడ్డాను. అప్పుడు నీకు రాయలేదు. రాసి ఉంటే కన్నీటి సుడి అని గుండె ఆగి చచ్చేవాడివి.

పిల్లకు రెండు సుళ్ళు ఉన్నందుకు భయపడకు. నాన్నకూ రెండు ఉండేవి. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కి కూర్చుని నేను చూశాను. నువ్వూ ఎక్కే ఉంటావు, గుర్తు చేసుకో. గుర్రాల ఒంటి మీద ప్రతి వెంట్రుకా వెతికిన మనిషి తన నెత్తి ఒక్కసారి అద్దంలో చూసుకుని ఉంటే, మా అమ్మను పెళ్ళాడే ముందే హెచ్చరించి ఉండేవాడు. పిల్లను చక్కగా చదివించు. రెండు ఉద్యోగాలు చేస్తుంది.

దానికి నా పేరు పెట్టే ఆలోచన ఏమైనా ఉంటే మానుకో. ఈ కుటుంబంలో నా పేరు మీద ఇప్పటికే చాలా రాయించారు.

పాత పుస్తకాల సంగతి రాశావు. చదివి నవ్వుకున్నాను. ముప్పై అయిదేళ్ళు నా పేరు ఎందుకు ఉంచాడో నీకు తెలియదా? బద్ధకం. పేరు మార్చాలంటే కొత్త ఫారం నింపాలి. ఫారాలు నింపేవాళ్ళను నేను రోజూ చూస్తాను, మనిషి ఎంతకైనా తెగిస్తాడు గానీ కొత్త ఫారం నింపడు. నా అభిప్రాయం ఇదే. మూడు నెలలుగా ఇదే అనుకుంటున్నాను. అయినా నీ ఉత్తరంలో ఆ పేరా ఇప్పటికి చాలాసార్లు చదివాను, కాగితం మడత దగ్గర చిరిగింది. ఆ పుస్తకాల్లో ఆయన చేతిరాత ఉన్న పేజీలన్నిటికీ జిరాక్సులు తీయించి పెట్టు.

పట్టీ కాల్చలేదు. విప్పేసి గవ్వలన్నీ కడిగాను. ఉయ్యాలకు కట్టడానికి కొత్త దారంలో గుచ్చి తెస్తున్నాను. పిల్ల పీకి నోట్లో పెట్టుకోకుండా మూడు ముళ్ళు వేశాను.

నాలుగు రోజులు సెలవు దొరికింది. ఆదివారం పదకొండింటికి నరసన్నపేటలో బస్సు దిగుతాను. మోటారు సైకిలు తేవద్దు. చంద్రిని తీసుకురా. ఇంటిదాకా దాని పక్కన నేను నడుస్తాను, నువ్వు నా సంచి పట్టుకుని వెనకాల రా. దాని చెంప నేను చూడాలి.

ఈసారి చెప్పులు విడుస్తాను. మంచినీళ్ళు ఇస్తే తాగుతాను. జీలకర్ర తక్కువ వెయ్యమని అమ్మకు చెప్పు.

ఇట్లు,
నరసింగరావు పిల్లల్లో పెద్దది,
భారతి